పండ్లతో చికెన్ రోస్ట్: ఒకే ట్రేలో ఇంటిల్లిపాదికీ రాత్రి భోజనం

నెల్లూరు చేపల పులుసు పెట్టే ఇళ్ళలో మామిడికాయ ముక్కలు ఎప్పుడు వేయాలో వంట నేర్చుకుంటున్న పిల్లలకు కూడా తెలుసు. చింతపండు పులుసు బాగా మరిగి పచ్చివాసన పోయిన తరువాతనే ముక్కలు పడాలి. ముందుగా వేస్తే అవి కరిగి పులుసులో కలిసిపోతాయి, మరీ ఆలస్యంగా వేస్తే వాటి పులుపు వాటిలోనే ఉండిపోతుంది. పండ్లతో కలిపి కోడిమాంసాన్ని ఓవెన్‌లో రోస్ట్ చేయడం మనకు కొత్త వంటలా కనిపించవచ్చు గాని, అందులో నేర్చుకోవలసిన కిటుకు మాత్రం ఈ పులుసులో ఉన్నదే. కోడి వేగడానికి ముప్పావు గంట పడితే, దోరమామిడికి ఇరవై నిమిషాలు, బత్తాయి తొనలకు ఎనిమిది నిమిషాలు చాలు. ఎవరి వేళకు వారిని ట్రేలోకి పంపిస్తే వంట దానంతట అదే కుదురుతుంది.

నేను ఈ వంటను మొదటిసారి చేసినప్పుడు అన్నిటినీ ఒకేసారి ట్రేలో పరచి ఓవెన్‌లో పెట్టాను. మామిడి గుజ్జుగా మారి ట్రే నిండా నీరు వదిలింది, ఆ నీటి ఆవిరిలో కోడి ఉడికిందే తప్ప ఎర్రగా కాలలేదు, తొక్కతో సహా చక్రాలుగా కోసి వేసిన బత్తాయి మొత్తం వంటను చేదు చేసింది. ఇంట్లో అందరూ ఆకలితో ఉన్నారు కాబట్టి పక్కన పెట్టలేదు, కానీ పిల్లలు రెండో ముక్క అడగలేదు. ఆ రోజు జరిగిన మూడు పొరపాట్లకూ కారణాలు వేర్వేరు. వాటిని ఒక్కొక్కటిగా అర్థం చేసుకున్న తరువాతే, ఇక్కడ చెబుతున్న పద్ధతి మా ఇంట్లో స్థిరపడింది.

ముందుగా కోడి సంగతి. ఈ వంటకు బ్రాయిలర్ కోడే తగినది. నాటుకోడి రుచిలో మిన్న అన్న మాట నిజమే అయినా, ఎక్కువ కాలం తిరిగి పెరిగిన ఆ కోడి కండ గట్టిగా ఉంటుంది. నీటిలో చాలాసేపు నెమ్మదిగా ఉడికితే తప్ప మెత్తబడదు, అందుకే దాన్ని మనం పులుసు పెట్టుకుంటాం. ఓవెన్‌లోని పొడి వేడికి నాటుకోడి మరింత బిగుసుకుపోతుంది. ఆరు వారాల వయసులో దుకాణానికి వచ్చే బ్రాయిలర్ కోడి కండ లేతది కాబట్టి ముప్పావు గంటలో మెత్తగా కాలుతుంది. ప్రాణంతో 1.8 కిలోలు తూగే కోడి, తోలుతో శుభ్రం చేశాక సుమారు 1.2 లేదా 1.3 కిలోలు వస్తుంది. అది నలుగురైదుగురికి సరిపోతుంది.

తోలు తీయవద్దని దుకాణంలో ముందే చెప్పండి. మన ఊళ్ళలో చాలామంది స్కిన్‌లెస్ అడుగుతారు కాబట్టి, మీరు నోరు తెరిచేలోపే తోలు ఒలిచేయడం సాధారణంగా జరుగుతుంది. రోస్ట్‌లో తోలుకు పెద్ద పని ఉంది: దాని కింద ఉన్న కొవ్వు కరిగి మాంసం మీదుగా కారుతూ అది ఎండిపోకుండా కాపాడుతుంది, కిందికి చేరిన కొవ్వులో పండ్ల ముక్కలు వేగుతాయి. తినేటప్పుడు వద్దనుకున్నవారు తోలు పక్కన పెట్టుకోవచ్చు. కోడిని ముక్కలు కొట్టించకుండా, వెన్నెముక వెంట రెండు వైపులా కోసి ఆ ఎముకను తీసేసి, పుస్తకం తెరిచినట్టు చదునుగా పరచి ఇమ్మని అడగండి. చదునుగా పరచిన కోడి అంతటా ఒకే ఎత్తులో ఉంటుంది కాబట్టి మన ఇళ్ళలో ఉండే చిన్న ఓటీజీలో (బల్ల మీద పెట్టుకునే కరెంటు ఓవెన్‌లో) కూడా సమంగా కాలుతుంది. తీసిన వెన్నెముకను కూడా ఇంటికి తెచ్చుకోండి. దాని ఉపయోగం చివర చెబుతాను. దుకాణంలో అలా కోయడం కుదరదంటే, తొడతో కలిసిన లెగ్ పీసులు నాలుగైదు, తోలుతో సహా కిలో బరువుకు తీసుకుంటే సరిపోతుంది.

కోడిని కడగడం గురించి ఒక మాట. పసుపు, ఉప్పు వేసి కడగనిదే మాంసం పొయ్యి ఎక్కించని అలవాటు మనది, దాన్ని మానుకోమని చెప్పడం సులభం కాదు. అయితే ధారగా పడే కుళాయి కింద కడిగితే నీటి తుంపరలతో పాటు సాల్మొనెల్లా వంటి సూక్ష్మక్రిములు సింకు చుట్టూ, పక్కనే ఆరబెట్టిన గిన్నెల మీద పడతాయి. వాటిని చంపేది వేడి మాత్రమే, నీరు కాదు. కడగాలనుకుంటే లోతైన గిన్నెలో నీళ్ళు పోసి అందులో నెమ్మదిగా ముంచి తీయండి, ఆ వెంటనే సింకును, చేతులను సబ్బుతో కడుక్కోండి. ఆ తరువాత శుభ్రమైన పొడిబట్టతో గాని కాగితపు తువ్వాలుతో గాని కోడి మీద తడి లేకుండా అద్దడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ మరువకూడదు. తడి ఉన్నంతసేపూ ఓవెన్ వేడి అంతా ఆ నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. తోలు ఎర్రబడటం ఆ తరువాతే మొదలవుతుంది.

ఉప్పు ముందురోజు రాత్రే పట్టించాలి. 1.2 కిలోల కోడికి 15 గ్రాముల మెత్తటి ఉప్పు, అంటే సుమారు రెండున్నర టీస్పూన్లు, ఒక టీస్పూను మిరియాల పొడి, రెండు టీస్పూన్ల ధనియాల పొడి, అర టీస్పూను పసుపు కలిపి, రొమ్ము మీది తోలు కిందికి వేళ్ళు పోనిచ్చి లోపల కొంత, పైన కొంత, వెనుక వైపు కొంత రుద్దండి. కారం ఇష్టమైనవారు ఒక టీస్పూను కారం చేర్చుకోవచ్చు గాని, పండ్ల తీపికి మిరియాల ఘాటు కుదిరినంతగా ఎండుమిరప కారం కుదరదని నా అభిప్రాయం. పైగా కారం పొడి తోలు మీద త్వరగా మాడుతుంది. మూత పెట్టకుండా ఫ్రిజ్ అడుగు అరలో, పచ్చి కూరగాయలకూ పాలకూ దూరంగా ఉంచండి. ఉప్పు మొదట మాంసంలోని నీటిని బయటికి లాగుతుంది, కొన్ని గంటల తరువాత ఆ ఉప్పునీరే తిరిగి మాంసంలోకి ఇంకుతుంది, ఈలోగా ఫ్రిజ్ గాలికి తోలు ఆరుతుంది. రాత్రి వీలుపడకపోతే ఉదయం పట్టించి సాయంత్రం కాల్చినా మంచిదే. అల్లం వెల్లుల్లి ముద్ద, పెరుగు ఈ వంటలో వాడను, ఎందుకంటే రెండూ తోలును తడిగా ఉంచుతాయి.

నిమ్మరసం కూడా ఈ దశలో వేయకూడదు. చికెన్ అనగానే నిమ్మకాయ పిండడం మన చేతికి అలవాటైపోయిన పని, కానీ ఆ పులుపులో రాత్రంతా ఉన్న మాంసం పైపొర పాలిపోయి, కాల్చిన తరువాత పిండిపిండిగా అవుతుంది. పచ్చి బొప్పాయి, అనాసపండు ఇంకా తీవ్రమైనవి. బొప్పాయిలోని పపైన్, అనాసలోని బ్రోమెలైన్ మాంసకృత్తులను ముక్కలుగా తెంచే ఎంజైములు. ముదురు వేటమాంసానికి మేలు చేసే బొప్పాయి, లేత బ్రాయిలర్‌ను గంటల తరబడి అంటిపెట్టుకుని ఉంటే పీచు లేని ముద్దగా మార్చేస్తుంది. అనాస ముక్కలు ఇష్టమైతే వేడి ట్రేలో చివరి పావుగంటలో వేసుకోండి, ఆ వేడికి ఎంజైము పని చేయడం ఆగిపోతుంది.

ఇక పండ్లు. ఈ విషయంలో నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారికి కొదవ లేదు. వేసవిలో జాతీయ రహదారి మీద ఉలవపాడు దాటేవారెవరూ రోడ్డు పక్కన పోసి అమ్మే మామిడిపండ్లు చూసి ఆగకుండా పోరు. పొదలకూరు, గూడూరు నిమ్మకాయలకు పేరుపడ్డాయి. ఉదయగిరి వైపు మెట్ట నేలల్లో బత్తాయి తోటలున్నాయి. రాయలసీమలో చీనీకాయ అనేదాన్నే మన వైపు బత్తాయి అంటాం. ఈ మూడింటితోనే ఏడాదంతా ఈ వంట చేసుకోవచ్చు.

మామిడిలో బంగినపల్లిని ఎంచుకోండి, అదీ దోరగా ఉన్నదాన్ని. వేలితో నొక్కితే కొద్దిగా మాత్రమే లొంగాలి, కోస్తే లోపల లేత పసుపు రంగులో ఉండి తీపితో పాటు పులుపు తెలియాలి. బాగా పండిన కొద్దీ కాయ గుజ్జును గట్టిగా పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థం సడలిపోతుంది కాబట్టి మెత్తటి పండు ఎంత తీయగా ఉన్నా వేడికి నిలవదు. రసాల రకాలు అసలే పనికిరావు, వాటిని భోజనం తరువాత చేత్తో పిసికి తినడమే న్యాయం. పైకి పసుపుగా నిగనిగలాడుతూ లోపల తెల్లగా, చప్పగా ఉండే కార్బైడ్ కాయలను దూరం పెట్టండి. కార్బైడ్‌తో మగ్గబెట్టడం నిషిద్ధం, వాటికి కాల్చినా తీపి రాదు. 300 గ్రాముల కాయ ఒకటి చాలు, తొక్క తీసి వేలి మందాన పొడవు ముక్కలుగా కోయండి. కాయను ముందురోజు కోసి ఉంచితే నీరు కారుతుంది, కోడి ఓవెన్‌లోకి వెళ్ళాక కోయండి.

బత్తాయి విషయంలో జాగ్రత్త ఎక్కువ కావాలి. తొక్కకూ తొనకూ మధ్య ఉన్న తెల్లటి మెత్తటి పొరలోను, గింజల్లోను చేదు పదార్థాలు ఉంటాయి. పిండి ఉంచిన బత్తాయి రసం కాసేపటికి చేదెక్కడం మీరు గమనించే ఉంటారు. వేడి తగిలితే ఆ చేదు మరింత త్వరగా బయటపడుతుంది. నా మొదటి ప్రయత్నాన్ని పాడుచేసింది అదే. అందుచేత కత్తితో తొక్కను, తెల్లపొరను పూర్తిగా చెక్కేసి, గింజలు ఏరి, తొనలను విడదీసుకోవాలి. రెండు బత్తాయిలు తీసుకుంటే ఒకటి తొనలకు, ఒకటి రసానికి సరిపోతుంది. రసాన్ని అవసరమైన నిమిషంలోనే పిండాలి. మామిడి దొరకని నెలల్లో బత్తాయి తొనలు రెండింతలు చేసి, వాటితో పాటు గింజలేని నల్లద్రాక్ష ఒక గుప్పెడు వేస్తే, ద్రాక్షలు పగిలి వాటి రసం కొవ్వులో కలిసి చక్కటి ముదురు రంగు వస్తుంది. దోరజామ ముక్కలు కూడా బాగుంటాయి. ఉలవపాడు సపోటాలు ఎంత మధురమైనవైనా ఈ వంటకు మాత్రం వద్దు. పులుపు బొత్తిగా లేని పండు కోడి కొవ్వును విరవలేదు, పైగా కొద్ది వేడికే ముద్దవుతుంది. దానిమ్మ గింజలను వండనే వద్దు, వడ్డించేటప్పుడు పైన చల్లుకోండి.

కాల్చే రోజున కోడిని ఓవెన్‌లో పెట్టడానికి అరగంట ముందు ఫ్రిజ్ నుంచి తీయండి. ఎండాకాలంలో మన వంటిళ్ళ వేడికి అంతకన్నా ఎక్కువసేపు బయట ఉంచకూడదు. ఓటీజీని 210 డిగ్రీల సెల్సియస్‌లో, పైనా కిందా రెండు రాడ్లూ వెలిగేలా పెట్టి, కనీసం పావుగంట వేడెక్కనివ్వండి. వెడల్పాటి ట్రేలో మూడు ఉల్లిపాయలను మందపాటి చక్రాలుగా, పది వెల్లుల్లి రెబ్బలను పొట్టుతోనే పరచండి. ఉల్లి చక్రాలు కోడికి పీటలా పనిచేసి అడుగు మాడకుండా చూస్తాయి. తోటలున్న వారి ఇంటికి వెళితే నేను నాలుగు నిమ్మాకులు అడిగి తెచ్చుకుంటాను, వాటిని కోడి కింద పెడితే వచ్చే సువాసన వేరు. కోడి మీద రెండు టేబుల్ స్పూన్ల వేరుశనగ నూనె రాసి, తోలు పైకి ఉండేలా పరచండి. ట్రేలో నీళ్ళు పోయవద్దు, ఫాయిల్ కప్పవద్దు.

మొదటి ఇరవై ఐదు నిమిషాలు ఓవెన్ తలుపు తీయవలసిన పని లేదు. ఆ సమయంలో మామిడి, బత్తాయి కోసుకోండి, అన్నానికి ఎసరు పెట్టుకోండి. ఇరవై ఐదు నిమిషాలు అయ్యేసరికి తోలు లేత బంగారు రంగుకు వచ్చి, ట్రేలో కొవ్వు కరిగి ఉంటుంది. అప్పుడు ట్రేను బయటికి లాగి, కోడి చుట్టూ ఖాళీలలో మామిడి ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా సర్దండి. రెండు నిమ్మకాయలను అడ్డంగా కోసి, కోసిన వైపు ట్రేకు ఆనేలా బోర్లించండి. ట్రేలోని కొవ్వును చెంచాతో తీసి కోడి మీద, పండ్ల మీద పోసి, ట్రేను అటుదిటు తిప్పి తిరిగి లోపల పెట్టండి. చిన్న ఓవెన్లలో వెనుక వైపు వేడి ఎక్కువ కాబట్టి ఇలా తిప్పడం తప్పనిసరి. తోలు అప్పటికే ముదురు ఎరుపుకు వచ్చి ఉంటే, పైరాడ్‌కు దగ్గరగా ఉన్నట్టు లెక్క. ట్రేను ఒక మెట్టు కిందికి దించండి.

మరో పన్నెండు నిమిషాల తరువాత బత్తాయి తొనలు వేయండి. ద్రాక్షలున్నా ఇప్పుడే. ఎనిమిది నిమిషాల్లో తొనలు వేడెక్కి, అంచులు కొద్దిగా ముడుచుకుంటాయి. అంతకు మించి ఉంచితే ఆరిపోతాయి.

కోడి కాలిందో లేదో రంగును బట్టి తేల్చకండి. వంట థర్మామీటరు ఉంటే తొడలో అన్నింటికన్నా మందమైన చోట, ఎముకకు తగలకుండా గుచ్చి చూడండి. 74 డిగ్రీలు దాటి ఉండాలి, తొడకు 80 వచ్చినా మేలే. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో కొన్ని ఊళ్ళలో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు చాలా ఇళ్ళలో కోడిమాంసమే మానేశారు. లోపలి వరకు ఈ వేడి చేరిన మాంసంలో ఆ వైరస్ గాని సాల్మొనెల్లా గాని బతకదు, కాబట్టి ఈ కొలత మీద నేను పట్టుదలగా ఉంటాను. థర్మామీటరు లేనివారు తొడ మూలలో కత్తిమొన గుచ్చితే కారే రసం ఎర్రగా కాక తేటగా ఉండాలి, కాలు పట్టి కదిపితే కీలు వదులుగా కదలాలి. లేత కోళ్ళ ఎముకల మూలుగ నుంచి రంగు దిగి, పూర్తిగా కాలిన మాంసం కూడా ఎముక దగ్గర కొంచెం ముదురుగా కనిపిస్తుంది, దాన్ని చూసి కంగారుపడి మళ్ళీ ఎండబెట్టకండి.

కోడిని పళ్ళెంలోకి తీసి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. వెంటనే కోస్తే రసమంతా పళ్ళెంలోకి కారిపోతుంది. ఈ పది నిమిషాలే ట్రే అడుగున మిగిలినదాన్ని చారుగా మార్చుకునే సమయం. పండ్లను జాగ్రత్తగా పక్కకు తీసి, పైకి తేలిన కొవ్వులో సగం వంపేసి, మిగిలినదాని మీద అర కప్పు వేడినీళ్ళు పోసి చెక్కగరిటతో గీకితే అడుగున అంటిన ఎర్రటి పొర కరుగుతుంది. వెల్లుల్లి రెబ్బలను పొట్టులోంచి పిండి అందులో మెదపండి. చిన్న గిన్నెలోకి వడకట్టి, పొయ్యి మీద మూడు నిమిషాలు మరగనిచ్చి, పొయ్యి ఆపిన తరువాత అప్పుడే పిండిన బత్తాయి రసం, కాలిన నిమ్మచెక్కల రసం కలపండి. నిమ్మచెక్కలను తొక్క చేదు దిగేంత గట్టిగా పిండవద్దు. రుచి చూడండి. బత్తాయి తియ్యదనం ఎక్కువైతే మరో నిమ్మచెక్క, పులుపు ఎక్కువైతే చిటికెడు బెల్లం. ఉప్పు బహుశా అక్కరలేదు.

ఓవెన్ లేనివారు మందపాటి మూకుడులో లెగ్ పీసులతో ఇదే వంట చేసుకోవచ్చు. చెంచాడు నూనెలో తోలు వైపు కిందికి పెట్టి, మధ్యస్థపు మంట మీద పన్నెండు పదిహేను నిమిషాలు కదపకుండా వేగనివ్వండి. తిరగేసి, సన్న మంట చేసి, ఆవిరి పోయేందుకు సందు వదిలి మూత పెట్టి మరో ఇరవై నిమిషాలు ఉంచండి. ముక్క ఉడికాక మూత తీసేసి, అంచుల్లో మామిడి ముక్కలు వేసి ఐదారు నిమిషాలు వేయించి, చివర రెండు నిమిషాలకు బత్తాయి తొనలు వేయండి. ఇనుప మూకుడైతే పులుపు తగిలి నల్లబడి కంపు వాసన వస్తుంది, కాబట్టి పండ్లు వేసిన వంటను అందులో ఉంచకుండా వెంటనే వేరే పాత్రలోకి తీయండి, నిమ్మరసం ఆ పాత్రలోనే పిండండి.

వడ్డించేటప్పుడు వేడి అన్నం మీద ఒక గరిటె చారు, పక్కన కోడి ముక్క, రెండు మామిడి ముక్కలు, వేగిన ఉల్లి చక్రం పెట్టండి. మా అత్తగారు మొదట్లో పండు వేసిన మాంసం తినడానికి ఇష్టపడలేదు. చేపల పులుసులో మామిడి తింటాం కదా అత్తయ్యా అని నేను అడిగిన తరువాత ఒక ముక్క రుచి చూశారు, ఇప్పుడు మామిడి ముక్కలు తక్కువయ్యాయని ఆవిడే అంటారు. పిల్లలకు చపాతీలో చుట్టి ఇవ్వవచ్చు. కారం కావాలనుకునే పెద్దలకు నూరిన పచ్చిమిరపకాయ, ఉల్లి, నిమ్మరసం కలిపి పక్కన పెడితే సరిపోతుంది, అందరి కోసం ఒకే వంటను కారంగా చేయనక్కరలేదు.

మిగిలినదాన్ని రెండు గంటలలోపు, ఎండాకాలమైతే గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. పండ్లను మాంసం నుంచి వేరు చేసి పెట్టండి, లేకుంటే తెల్లవారేసరికి అవి నీరు కారి మాంసాన్ని నానబెడతాయి. దాచిపెట్టిన వెన్నెముకను, తిన్న తరువాత మిగిలిన పెద్ద ఎముకలను కలిపి, దంచిన మిరియాలు, కరివేపాకు, చిటికెడు పసుపు వేసి లీటరున్నర నీళ్ళలో గంటసేపు సన్న మంట మీద కాచి వడకట్టితే, మరునాటి మధ్యాహ్నానికి మంచి కోడి చారు అవుతుంది. మిగిలిన మామిడి ముక్కలను మెదిపి ఆ చారులోనే వేయండి, అదీ మరిగిన తరువాతే.